నీళ్లు పోయకుండా ఉంచిన బిడ్డ

చెల్లి కరుణకు, మరిదిగారికి, పిల్లలకు,

మీ అందరికీ ప్రభువు పేరిట పెద్దప్ప మార్తమ్మ వందనాలు. నేను ఇక్కడ బాగున్నాను. మీరంతా అక్కడ బాగున్నారని నమ్ముతూ, రోజూ తెల్లవారగానే ఒక్కొక్కరి పేరు చెప్పి దేవుడి ముందు పెడుతున్నాను. మేనత్తకు మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మరిదిగారి దగ్గు తగ్గిందా? పెద్దది పుస్తకం చూస్తోందా, ఫోను చూస్తోందా? నిజం రాయి.

ఫోనులో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. ఈ ఊళ్లో ఘాట్ మలుపు దగ్గర తప్ప సిగ్నలు అందదు. అక్కడ నిలబడితే గాలి నా మాటను సగం పట్టుకుపోతుంది. నువ్వేమో "అప్పా, ఏటంతన్నావు? ఏటీ?" అని అరుస్తావు. నాకు అరవడం చేతకాదు. పైగా ఈసారి చెప్పవలసింది పెద్దది. సంతోషమైనదే, కంగారు పడకు.

ఆ కొండల్లో మార్తమ్మ చేసే పనేమిటని మేనత్త అడిగిందన్నావు. ఆమెకు ఇలా చెప్పు. ఇక్కడ పైనున్న ఊళ్లలో చాలావాటికి బండి దారి లేదు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోసుకొచ్చేసరికి దారిలోనే కానుపు అయిపోతుంది. అందుకని నెలలు నిండుతున్న ఆడవాళ్లను ముందే దించి, ఆసుపత్రి పక్కన ఒక ఇంట్లో ఉంచుతారు. కానుపయ్యాక తల్లీబిడ్డా గట్టిపడేదాకా కూడా ఆ ఇంట్లోనే. అక్కడ వంట, పొయ్యి, వేడినీళ్లు, దుప్పట్లు నావి. మందులు, సూదులు, తూకాలు నర్సు పద్మగారివి. ఆమెది చిన్న వయసు. పనిలో చురుకు, మాటలో మర్యాద. నన్ను "పెద్దమ్మా" అని పిలుస్తుంది.

వచ్చిన కొత్తలో ఒంటరిగానే అనిపించింది. మీ బావగారు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక వచ్చినదాన్ని, ఇక్కడ మంచు చూస్తూ కూర్చున్నాను. సాయంత్రమయ్యేసరికి ముందు ఎదుటి కొండ కనబడదు, తర్వాత రోడ్డు కనబడదు, ఆ తర్వాత మన గుమ్మమే మనకు కనబడదు. ఇప్పుడు అలవాటైంది. ఆదివారం పక్క ఊరి మందిరానికి నడిచి వెళ్తున్నాను. పాటలు వాళ్ల భాషలో పాడతారు. రాగం మనదే. నేను నా మాటలు పెట్టుకుని పాడేస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు.

తిండికి లోటు లేదు. బియ్యం, సామలు, రాగి అంబలి, ఆకుకూరలు, గుడ్లు, పెరుగు. ఎండుచేపల్లో నెత్తళ్లు మాత్రం దొరకడం లేదు. సాలూరు సంతకు వెళ్లినప్పుడు కొని, ఇటు వచ్చే జీపులో ఎవరి చేతికైనా ఇచ్చి పంపు. మూట గట్టిగా కట్టు. వాసన బయటికొస్తే ఇక్కడిదాకా చేరదు.

నా చేతులు పగిలాయని పోయిన ఉత్తరంలో రాస్తే బాధపడ్డావట. ఇప్పుడు తగ్గిపోయాయి. తగ్గించిన మనిషి గురించే ఈ ఉత్తరమంతా.

ఆమె పేరు చిలకమ్మ. వయసులో నాకంటే పెద్దది. మెడలో కంటె, ముక్కుకు రెండు పక్కలా ముక్కుపుడకలు, నిప్పు లోపలికి పెట్టి కాల్చే చుట్ట. చలి బాగా ముదరకముందు కోడలు సొంబారిని తీసుకుని పైనుంచి దిగింది. సొంబారికి ఇంకా నెల మీద గడువుంది. కాళ్లు వాచాయని పద్మగారే ముందుగా రమ్మన్నారు. కొడుకు వాళ్లను దించేసి, కాఫీ పళ్ల కోత ఉందని తిరిగి వెళ్లిపోయాడు.

వచ్చిన రోజే చిలకమ్మ నా పొయ్యి పక్కన కూర్చుంది. నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇయ్యేటి, బెరడొలిసిన కర్రల్లాగున్నాయి?"

"చలికి పగిలాయి" అన్నాను.

"సలేటి సేత్తాది? మాకు నేదా సలి? నీ సబ్బు తినీసింది. గిన్నె తోమిన సబ్బుతోనే సెయ్యీ తోముతావు, మల్లీ ఉడుకునీల్లో ముంచుతావు. ఒంటికి దాని జిడ్డు దానికుండాల. అది కాత్తా ఊడ్సీసినావు."

బుడ్డిలోంచి వలిసె గింజల నూనె తీసింది. నేను చెయ్యి కొంగుతో తుడుచుకోబోతే కొంగు లాగేసింది. "ఆరనీకు. తడి మీదే రాయి. అప్పుడే లోన ఉన్న తడి లోననే ఉంటాది" అంది. పద్మగారు అది విని, అలాగే చెయ్యమన్నారు, గిన్నెల పనికి రబ్బరు తొడుగులు కూడా తెచ్చిచ్చారు. వారం తిరిగేసరికి మంట పోయింది. ఇప్పుడు ఈ కలం పట్టుకుంటే నొప్పి లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే సొంబారికి నొప్పులొచ్చేశాయి. గడువు ఇంకా ఉంది. ఆసుపత్రిలోకి తీసుకెళ్లారు. నేను గుమ్మం బయట ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. తూకంలో రెండు కిలోలు కూడా లేడు. పిల్లికూన ఏడుపు ఏడ్చాడు. కానీ రొమ్ము దగ్గర పెడితే వెతుక్కున్నాడు, చప్పరించాడు. డాక్టరుగారు చూసి, "ఊపిరి బాగుంది, పాలు తాగుతున్నాడు, పెద్దాసుపత్రికి పంపక్కరలేదు. కానీ ఒంట్లో వేడి జారిపోనివ్వకండి. వీడికి చలి తగిలితే కష్టం" అని గట్టిగా చెప్పి వెళ్లారు.

వాడి ఒంటినిండా తెల్లటి పూత ఉంది. నువ్వూ చూసి ఉంటావు, కొందరు పిల్లలు అలా పుడతారు. వీడికి మరీ దట్టం. వీపు మీద, చంకల్లో, తొడల మడతల్లో వెన్న పూసినట్టు ఉంది. పద్మగారు పొడిబట్టతో పైతడి మాత్రం అద్ది, ఆ పూత జోలికి పోకుండా, వాడిని అలాగే తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పారు.

బయట చిలకమ్మ అప్పటికే మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాచింది. కొండ మీదినుంచి తెచ్చిన పసుపు, పెసరపిండి మూట విప్పి పెట్టుకుంది. లోపలికొచ్చి మనవడిని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఓలమ్మో! ఈడికి సున్నం కొట్టినారేటి? ఇదంతా నీ పెరుగే, వంటమ్మా. ఒద్దు ఒద్దంటే నా కోడలికి గిన్నెడు పెరుగు తినిపించినావు. మా కొండల మీద పెరుగు తినేవోల్లేరీ? సూడు, పోయి పోయి నా మనవడికి అంటుకున్నాది."

నాకు నవ్వొచ్చింది. పద్మగారు నవ్వలేదు.

"మామ్మా, అది పెరుగు కాదు, మురికి కాదు. కడుపులో నీళ్లలో ఉన్నన్నాళ్లూ చర్మం నానిపోకుండా ఉండటానికి వాడి ఒళ్లు తనే తయారుచేసుకున్న పూత. ఇప్పుడు బయటి చలినీ, క్రిములనీ ఆపుతుంది. లోపలి తడిని పోనివ్వదు. వీడి చర్మం ఇంకా పల్చన. అది గట్టిపడేదాకా ఇదే వాడి చొక్కా. మెల్లిగా అదే ఇంకిపోతుంది. బరువు పెరిగేదాకా స్నానం లేదు. పిండి లేదు, పసుపు లేదు."

"ఎన్నాల్లు?"

"వాడు పెరిగినన్నాళ్లు."

చిలకమ్మ మొహం మాడిపోయింది. "కడగని బిడ్డని నాను ఎత్తుకోను" అని బయటికెళ్లి, కాగుతున్న నీళ్ల ముందు కూర్చుంది. ఆ నీళ్లు చల్లారేదాకా అక్కడే కూర్చుంది.

మన ఇంట్లో పిల్లలందరికీ కాళ్లు చాపుకుని మొదటి నీళ్లు పోసింది నేనే కదా. ఆ పని నాకు ఇష్టం. చిలకమ్మకు అది తెలుసు, మాటల్లో చెప్పాను. మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది.

"నర్సుగుంట మందుల కొట్టుకెల్తాది కదా, అప్పుడు నువ్వు పోసీ. నీ సెయ్యి మంచిదన్నావు. బేగి అయిపోతాది. ఎవలికీ తెలీదు."

"వాడికి తెలుస్తుంది" అన్నాను. "చలి వేస్తుంది."

"పెద్దదానివి, నువ్వూ దాని మాటే పట్టుకున్నావా? మైదానపోల్లంతా ఒకటే" అని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో పలకలేదు. నేనూ కదపలేదు. తిండి పెడితే మాత్రం తింది.

ఆ మర్నాడు నేనొక పొరపాటు చేశాను. వంటింటి మూలన గడ్డి చుట్టిన పొట్లం ఒకటి ఉంది. విప్పితే నాటుకోడి గుడ్లు, రెట్టా దుమ్మూ అంటుకుని ఉన్నాయి. బాలింత కోసం ఎవరో తెచ్చారనుకున్నాను. గోరువెచ్చని నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో శుభ్రంగా రుద్ది, తెల్లగా మెరిసేలా కడిగి బుట్టలో పెట్టాను. కడిగినవాటిని చూసుకుని బాగున్నాయనుకున్నాను కూడా. చిలకమ్మ లోపలికొచ్చి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఏటి సేసినావు? కడిగీసినావా?"

"ఉడకబెడదామని."

"ఉడకెట్టడానికా! ఈ ఊల్లో నా సెల్లెలుంది, దాని కోడి పొదుగుడికి తెచ్చినాను. పొదుగుడికెట్టే గుడ్డుని ఎవులైనా కడుగుతారేటి? తడిసెయ్యి కూడా ఎట్టం. దాని మీద పొరుంటాది, కంటికి కనబడదు. అది పోతే లోనకి నీరెల్తాది, గాలెల్తాది, మురిగిపోతాది. పిల్ల అవదు. ఇంతమంది పురుళ్లు సూసిన మడిసివి, నీకది కూడా తెలీదా?"

నేను గుడ్లవైపు చూశాను. తర్వాత ఆమెవైపు చూశాను. ఇంకేమీ చెయ్యలేదు, కరుణా. నా సంగతి నీకు తెలుసు, మాటకు మాట పెట్టడం నాకు రాదు. ఆమె నోట్లో చుట్ట అలాగే ఆగిపోయింది.

"ఏటలాగ సూత్తన్నావు? నా మనవడు గుడ్డేటి?"

గదిలోంచి సొంబారి కిసుక్కున నవ్వింది. చిలకమ్మ నన్ను ఒక తిట్టు తిట్టింది, కోడలిని రెండు తిట్టింది, పిల్లలు కాని గుడ్లు ఏం చేసుకుంటానని వాటినే నా చేత ఉడకబెట్టించి తింది. కానీ ఆ పెసరపిండి మూట మాత్రం కట్టేసి సంచిలో పెట్టుకుంది. నేను చూశాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. పిండి మూట కట్టేసినా బిడ్డను మాత్రం ముట్టుకోదు. సొంబారి నిద్రకు తూలిపోతూ రాత్రీ పగలూ వాడిని రొమ్ము మీదే మోస్తోంది. నాయనమ్మ గుమ్మంలోనే కూర్చుంటుంది.

మధ్యాహ్నం ఎండలో ఇద్దరం రాజ్మా కాయలు ఒలుస్తున్నాం. అప్పుడు అడిగాను, "బిడ్డమీద కోపమా, చిలకమ్మా?" అని.

కాయలు ఒలుస్తూనే చెప్పింది.

"కోపమేటి. బయం. మా ఇంట్లో నీల్లు పోత్తేనే పేరు. పేరు పెడితేనే ఇంటోడు. ఈడికి ముందొకడు పుట్టినాడు, నీకు తెలీదు. దారిలో డోలీలోనే పుట్టినాడు. వాన. నీల్లు పోసేదాకా కూడా లేడు. పేరు నేకుండా పోయినాడు. ఇత్తనాలు సల్లే ముందు మా పెద్దోల్లకి అన్నం పెడతాం. పోయినోల్లందరి పేర్లూ సెప్పి పిలుత్తాం. అందరొత్తారు. ఆడినేటని పిలవాల? ఆడు వాకిట్లో నిలబడే ఉంటాడు కదా." గింజలు చేటలోకి వేసింది. "ఈడూ అలగే పోతే? రెండు కిలోల్లేడు. నర్సుగుంట మంచిదే. మాటా మంచిదే. కానీ ఈడికి పేరు నేదు."

ఆమె గొడవ పసుపూ పిండీ కాదని అప్పుడు తెలిసింది నాకు. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి మన మందిరం గుర్తొచ్చింది. నిన్ను మన అమ్మ ఎత్తుకుని నిలబడిన రోజు. నువ్వు అప్పుడు వీడంతే ఉన్నావు. పాస్టరుగారి వేళ్ల నుంచి నీ నెత్తిమీద పడిన నీళ్లు, నువ్వు తుమ్మిన తుమ్ము.

"మా గుళ్లో కూడా నీళ్లతోనే పేరు పెడతారు" అన్నాను. "కానీ బిడ్డను ముంచరు. నెత్తిమీద మూడు చుక్కలు. అంతే."

చిలకమ్మ తలెత్తింది. "మూడు సుక్కలా? తానం నేదా?"

"లేదు."

"మూడు సుక్కలకే మీ దేవుడు ఒప్పేసుకుంటాడేటి?"

"ఒప్పుకుంటాడు. నా చెల్లెలికి అలాగే పెట్టారు. ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి."

ఆమె చేట పక్కన పెట్టింది. కొండవైపు చూసి ఏదో లెక్క వేసుకున్నట్టు పెదాలు కదిపింది.

"మీవోడే ఒప్పుకుంటే మావోడు ఒప్పుకోడేటి? మావోడు మీవోడికంటే పెద్దమడిసి. పట్టింపులు తక్కువ."

దేవుడు ఆ మాట విని నవ్వుకుని ఉంటాడు.

పద్మగారిని అడిగాను. "గోరువెచ్చని నీళ్లు మూడు చుక్కలైతే ఏమీ కాదు పెద్దమ్మా, వెంటనే పొడిబట్ట అద్దండి, టోపీ మళ్లీ పెట్టెయ్యండి" అంది. చిలకమ్మ గెడ్డకు వెళ్లి, ఆ చలిలో పారే నీళ్లలో తలస్నానం చేసి వచ్చింది. పెట్టెలోని చీర కట్టుకుంది. పొయ్యి దగ్గర చేతులు వెచ్చబెట్టుకుంది. సొంబారి రొమ్ము మీద వాడు బోర్లా పడుకునే ఉన్నాడు, దుప్పటి కూడా తియ్యలేదు. టోపీ ఒక్కటి జరిపాం. చిలకమ్మ వేలు ముంచి మూడు చుక్కలు వేసింది. వాడు తుమ్మలేదు, మూలిగాడు. చెవి దగ్గర నోరు పెట్టి పేరు చెప్పింది. నిండు నీళ్లు పోసినరోజే అందరికీ చెప్తాననీ, అప్పటిదాకా వాడికీ తనకీ మాత్రమే తెలిస్తే చాలనీ అంది. నేను నా దేవుణ్ణి తలుచుకున్నాను. ఆమె తన దేవుణ్ణి తలుచుకుంది. నేను బట్ట అద్దాను.

అప్పుడు చేతులు చాపి వాడిని తీసుకుంది. మొదటిసారి.

అక్కడినుంచి ఆమెను చూడాలి నువ్వు. కోడలిని పడుకోమని, తను గోడకు చేరగిలబడి, మనవడిని రవికె లోపల రొమ్ముకు ఆనించుకుని, పైన రగ్గు కప్పుకుని కూర్చునేది. పొగ బిడ్డకు మంచిది కాదని పద్మగారు ఒక్కసారే చెప్పింది. చిలకమ్మ చుట్టల కట్ట తీసి నా చేతికిచ్చి, "దాచు, అడిగినా ఇవ్వకు" అంది. ఒకరోజు అడిగింది. ఇవ్వలేదు. నా కులం, నా ఊరు, నా వంట అన్నీ తిట్టింది. మళ్లీ అడగలేదు.

ఆ తెల్లపూత మెల్లిగా ఇంకిపోయింది. తర్వాత పొట్ట మీదా కాళ్ల మీదా చర్మం పొరలు పొరలుగా లేవడం మొదలైంది. నాకూ గుబులేసింది. పద్మగారు చూసి, ఇది మామూలే, కింద కొత్త చర్మం గట్టిపడుతోంది, లాగకండి, రుద్దకండి, మరీ పొడిగా ఉన్నచోట రెండు చుక్కల కొబ్బరినూనె అద్దండి చాలు అంది. చిలకమ్మ చెల్లెలు చూడటానికి వచ్చి, పిండిముద్దతో నలిచేస్తే ఒక్కరోజులో నున్నగా అవుతాడని చెయ్యి చాపింది.

చిలకమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "పాము కుబుసం ఇడిసినట్టు ఆడే ఇడుత్తాడు. నువ్వు లాగుతావేటి? నీ కోడి గుడ్లు నువ్వు సూసుకో."

"ఏ గుడ్లు? నాకియ్యనేదు కదా!" అంది చెల్లెలు.

చిలకమ్మ నన్ను చూసింది. నేను పొయ్యి ఊదుకున్నాను.

ఒక్కరోజు మాత్రం మమ్మల్ని బాగా భయపెట్టాడు. మంచు దిగి, కరెంటు పోయి, ఇల్లంతా చల్లబడింది. పొద్దున్న చూస్తే పాదాలు చల్లగా ఉన్నాయి, పాలు సరిగా తాగడం లేదు. పద్మగారు డాక్టరుగారిని పిలిచారు. బండి సిద్ధంగా ఉంచారు. నేను కిటికీ సందులన్నీ పాతబట్టలతో కుక్కాను. సొంబారి ఒకవైపు, చిలకమ్మ ఒకవైపు, బిడ్డ మధ్యలో, ముగ్గురినీ కలిపి రగ్గులు కప్పాం. పాలు పిండి చెంచాతో పట్టాం. చిలకమ్మ కళ్లు మూసుకుని, చెవిలో ఆ పేరు మళ్లీ మళ్లీ చెప్తూనే ఉంది. నేను మోకాళ్లమీద ఉన్నాను. మధ్యాహ్నం దాటాక పాదాలు వెచ్చబడ్డాయి. వాడు నోరు తెరిచి, ఆకలి అని ఇల్లు అదిరేలా ఏడ్చాడు. బండిని తిప్పి పంపేశారు.

ఆ రోజునుంచి వెనక్కి చూడలేదు. బుగ్గలొచ్చాయి. మెడ మడత పడింది. మొన్న తూకం వేసి పద్మగారు, "మామ్మా, ఇంక నీళ్లు కాచుకోవచ్చు" అంది.

ఎండెక్కేదాకా ఆగాం. తలుపులు మూసి, గాలి రాకుండా చేశాం. సబ్బు లేదు, పిండి లేదు. చిలకమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపింది. నీళ్ల వేడి నన్ను చూడమంది. "నీ సెయ్యి ఇప్పుడు మెత్తగున్నాది, దానికి తెలుత్తాది" అంది. చూశాను. సరిగ్గా ఉంది. చెంబుతో నేను పోశాను, ఆమె అరచేత్తో ఒళ్లంతా నిమిరింది. వాడి చర్మం చూడాలి కరుణా. ఒక్క పగులు లేదు, ఒక్క పొక్కు లేదు. లేత తమలపాకులా ఉంది. ఎంతమంది పిల్లలకు నీళ్లు పోశానో, ఇంత గర్వంగా ఎప్పుడూ పొయ్యలేదు. గర్వపడకూడదంటారు. ఆ ఒక్కరోజుకు దేవుడు క్షమిస్తాడు.

నీళ్లతో ఒళ్లంతా తడిశాక చిలకమ్మ గొంతెత్తి పిలిచింది.

"ఓరి పండన్నా!"

సొంబారి కొంగు నోట్లో పెట్టుకుంది. అది పోయిన మామగారి పేరట. చిలకమ్మ మొగుడి పేరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమె నోట ఆ మాట రాలేదు.

"ఏటే నవ్వుతావు? బతికున్నప్పుడు పేరెట్టి పిలిత్తే తన్నీవోడు. ఇప్పుడు తన్నమను సూద్దాం. పండన్నా! ఒరే పండన్నా!"

వాడు కాలు విసిరి చెంబును తన్నాడు. నా చీరంతా నీళ్లు. పద్మగారితో సహా అందరం నవ్వాం. చిలకమ్మ నవ్వీ నవ్వీ ఏడ్చింది. అద్ది, నూనె రాసి, టోపీ పెట్టి తల్లి చేతికిచ్చాం.

తర్వాత ఆమె చెంబులో మిగిలిన నీళ్లు పట్టుకుని బయటికెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. వాళ్ల ఊరున్న కొండవైపు తిరిగి నిలబడింది.

"వంటమ్మా, ముందోడికి ఇప్పుడెట్టొచ్చా? పేరు?"

నాకు శాస్త్రం తెలియదు. అడగడానికి పాస్టరుగారు పక్కన లేరు. "పెట్టు" అన్నాను.

వంగి, నేలమీద మూడు చుక్కలు వేసింది. ఏదో ఒక పేరు అంది, చాలా మెల్లిగా. వచ్చే విత్తనాల వేళకు వాడిని లోపలికి పిలుస్తుంది.

నిన్న వాళ్లు పైకి వెళ్లిపోయారు. కొడుకు వచ్చాడు. జీపు వెళ్లేంతవరకు జీపులో, అక్కడినుంచి నడక. బిడ్డను తండ్రి చేతికి కూడా ఇవ్వలేదు చిలకమ్మ, రవికె లోపలే పెట్టుకుని వెళ్లింది. చుట్టల కట్ట ఇవ్వబోతే వద్దంది. గది ఊడ్చాను. కొత్తగా ఇద్దరు దిగారు.

నీకొక పని. మన సంఘం ఆడవాళ్లందరినీ అడిగి, వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు పోగుచెయ్యి. గంజి పెట్టకుండా ఉతికి, ఎండలో ఆరబెట్టి, నెత్తళ్ల మూటకు దూరంగా వేరే కట్టి పంపు. పిల్లలను చుట్టడానికి కావాలి. రంగులు గాఢంగా ఉన్నవి వద్దు. జరీ వద్దు, గీసుకుంటుంది.

మేనత్త పాదాలకు నా తరఫున నమస్కారం చేసి, ఆమె చెయ్యి కాసేపు నీ తలమీద పెట్టించుకో. అది నాకు చేరుతుంది. పాస్టరుగారికి, అమ్మగారికి వందనాలు చెప్పు. మూడు చుక్కల సంగతి ఆయనకు నువ్వే చెప్పు. తప్పయితే వచ్చినప్పుడు నేను మాట పడతాను. మరిదిగారిని చన్నీళ్లు తాగొద్దను. పిల్లలకు నా ముద్దులు. క్రిస్మస్‌కు నేను రాలేను, ఇద్దరికి నెలలు నిండుతున్నాయి. నాకోసం ఎదురుచూడకుండా పండగ సంతోషంగా చేసుకోండి.

ఇంటి ప్రార్థనలో పేర్లు చెప్పేటప్పుడు చివర పండన్న అని ఒక పేరు కలపండి. వాడి అన్న పేరు కూడా కలపండి. అది నాకు వినబడలేదు. దేవుడికి వినబడింది.

మీ క్షేమమే రోజూ అడిగే,
నీ పెద్దప్ప,
మార్తమ్మ